రసూల్‌బీ పరుపు, కంకర వాళ్ళ పాట

పాతికేళ్ళ కిందట జగ్గయ్యపేటలో పెళ్ళయిన ఏ జంటనైనా అడగండి, వాళ్ళ మొదటి పరుపు కుట్టింది నూర్ మహమ్మదే అంటారు. కాదన్నారంటే ఆ పెళ్ళి నందిగామలో అయ్యుంటుంది. అక్కడికీ విల్లు భుజాన వేసుకుని, బస్సెక్కి వెళ్ళి కుట్టొచ్చింది ఇతనే. ఇంతమందిని మెత్తగా పడుకోబెట్టిన మనిషి ఇంట్లో భార్య రసూల్‌బీ మాత్రం నలభై రెండేళ్ళుగా పాత చీరల బొంత మీద పడుకుంటోంది. అడిగినప్పుడల్లా "వచ్చే వేసవికి కుడతాలే" అంటాడు. ఎన్ని వేసవులు వెళ్ళాయో ఆవిడ లెక్క పెట్టడం మానేసింది.

నూర్ మహమ్మద్‌ది దూది ఏకే ఇల్లు. నాన్న, తాత అదే పని చేశారు. మనిషంత పొడుగు విల్లు, దానికి మేక పేగును ఎండబెట్టి పేనిన నరం, ఆ నరాన్ని కొట్టడానికి రెండు చివర్లా గుండుగా ఉండే కొయ్య. అదే ఆస్తి. దూదికుప్పలో నరం ఆనించి కొయ్యతో కొడుతుంటే గడ్డ కట్టిన దూది విడిపోయి, నురుగులా పైకి లేస్తుంది. ఆ మోత వీధి చివరిదాకా వినపడేది. ఊళ్ళోకి ఏకే మిషన్లు వచ్చాయి, వాటి వెనకే ఫోమ్ పరుపులు వచ్చాయి. ఎనిమిదేళ్ళ కిందట నరం తెగిపోతే విల్లుని గోడకి తగిలించేశాడు. అరవై అయిదేళ్ళ వయసులో ఇప్పుడు దిండ్లూ, సోఫా కవర్లూ కుడుతున్నాడు.

నరం అసలు లేకపోలేదు. ఒకటుంది. నాన్న పోయే ముందు ఏడు పేనాడు. ఏడోది బిస్కెట్ల డబ్బాలో నూనెగుడ్డ చుట్టుకుని ఉంది. అలాంటిది పేనేవాళ్ళు ఇప్పుడీ చుట్టుపక్కల ఎక్కడా లేరు. ఆ నరంతో ఏకే దూది రసూల్‌బీ పరుపుకేనని ఒకసారి నోరు జారాడు. అప్పట్నుంచి ఆవిడ ఏటా వత్సవాయి వైపు పత్తి తీతకి వెళ్ళడం, రైతులు కూలితోపాటు ఇచ్చే కాస్త పత్తీ తెచ్చి మిల్లులో గింజ తీయించడం, సంచిలో కుక్కడం. పోయినేడు సంచి నిండింది. అయినా డబ్బా మూత తెరుచుకోలేదు. ఆ నరం కూడా తెగిందంటే గోడ మీద ఉండేది విల్లు కాదు, ఒట్టి కర్ర. తను కూడా దూది ఏకేవాడు కాదు, దిండ్లు కుట్టేవాడు. ఈ భయం అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా రసూల్‌బీకి తెలుసు.

"నా నడుం కంటే నీకా నరమే ఎక్కువ" అనేది.

పరిస్థితి ఇలా ఉండగా ఒక ఉదయం ఎదురింటి డ్రైవర్ మనవరాలు కరిష్మా వచ్చింది. ఆ పిల్ల మాటల్నే పాటగా చేసి ఊపిరాడనివ్వకుండా గబగబా చదివేస్తుంది, ఫోన్లలో లక్షలమంది వింటారు. దాన్ని ర్యాప్ అంటారట. కూడా వచ్చిన వీరేంద్రది వత్సవాయి, పొలమున్న ఇల్లు, ఇంజనీరింగ్ చదువు. వాయిద్యం ఒక్కటీ ముట్టుకోకుండా కంప్యూటర్లోనే మోత పుట్టిస్తాడు. మొదటి పాటని రాళ్ళు కొట్టే క్రషర్ల చప్పుడుతో కట్టారు కాబట్టి బృందానికి 'కంకర' అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు బొంబాయిలోని పెద్ద పాటల కంపెనీ ఒకటి వాళ్ళ మొదటి ఆల్బమ్ వేస్తానంది. ఎనిమిది పాటలు. ఏడు అయ్యాయి.

"ఎనిమిదోది మీ దగ్గర ఆగిపోయింది తాతా" అంది కరిష్మా. "చిన్నప్పుడు మీ విల్లు మోత వింటా నిద్రపోయేదాన్ని. అది కావాలి నాకు. ఆర్నెల్ల నుంచి కంప్యూటర్లో చేస్తన్నాం, రావట్లేదు."

వీరేంద్ర తెచ్చిన స్పీకర్ పెట్టె ఆన్ చేశాడు. బీరువా మీది గ్లాసులు గలగలమన్నాయి. మోత నేలలోంచి కాళ్ళలోకి, కాళ్ళలోంచి ఛాతీలోకి ఎక్కింది. నూర్ మహమ్మద్ కుట్టుమిషన్ మీద చెయ్యేసి నిలబడిపోయాడు. ఏళ్ళ తరబడి విల్లు కొట్టి అతని కుడిచెవి ఎప్పుడో పోయింది, ఉన్నది ఎడమచెవి ఒక్కటే. ఇది చెవితో పనిలేని మోత. ఇంత పెద్దది, ఇంత లోతైంది, తన గోడ మీది కర్ర కోసం తన గుమ్మంలోకి వచ్చిందా అని అతనికి ఒళ్ళు జలదరించింది.

అయినా పనివాడి నోరు ఊరుకోదు కదా. "విల్లు లాగానే ఉంది బాబూ. కాకపోతే దీనికి దూది తగల్లేదు. ఒట్టి నరం కొడుతున్నారు."

వీరేంద్ర కరిష్మా మొహం చూశాడు. "అదే! ఏం తక్కువైందో తెలీక చస్తన్నాం. మీరొక్కసారి కొట్టండి తాతా, చాలు."

"కొడతా" అన్నాడు నూర్ మహమ్మద్. వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది.

పిల్లలు వెళ్ళాక రసూల్‌బీ బయటికి వచ్చింది. ఆవిడ అరుస్తుందని అతను సిద్ధంగా ఉన్నాడు. అరవలేదు. "పేటవాళ్ళు అయ్యారు, నందిగామ వాళ్ళు అయ్యారు. ఇప్పుడు బొంబాయి వాళ్ళు కూడా నాకంటే ముందేనా? నా వంతు ఎప్పుడయ్యా?" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు మొగుడితో పలికితే ఒట్టు. అన్నం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుందామని అతను రెండుసార్లు ఫోన్ పట్టుకున్నాడు. ఆ మోత గుర్తొచ్చి మళ్ళీ పెట్టేశాడు.

నాలుగో రోజు పొద్దున హైదరాబాద్ నుంచి కంపెనీ తరఫున రికార్డు చేసే శాంతికుమార్ కారు నిండా సామానుతో దిగాడు. ఫ్యాను ఆపించాడు, తలుపులు మూయించాడు, సున్నపురాయి లారీలు వెళ్ళినప్పుడల్లా నెత్తి పట్టుకున్నాడు. నూర్ మహమ్మద్ విల్లు దింపి దుమ్ము తుడిచాడు. డబ్బా తెరిచి, నరాన్ని వేళ్ళతో నిమిరి, బిగించాడు.

"ఓ పది దెబ్బలు కొట్టండి మహమ్మద్ గారూ. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. దూది మాత్రం వద్దండి, మైకుల్లోకి పోతే పాడైపోతాయ్" అన్నాడు శాంతికుమార్.

"దూది లేకుండా విల్లు కొట్టకూడదు బాబూ. దెబ్బ ఆనడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే నరం తెగుద్ది. ఒట్టి విల్లు కొడితే మా నాన్న వీపు చీరేసేవాడు."

అతను దూదిని మైకు దగ్గరికి రానివ్వనంటాడు, ఇతను దూది లేకపోతే కొయ్య ఎత్తనంటాడు. చివరికి శాంతికుమారే తగ్గాడు. కరిష్మా మిల్లుకి పరిగెత్తబోతుంటే లోపలి గదిలోంచి ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. రసూల్‌బీ తన సంచిని రెండు చేతులతో లాక్కొచ్చి విల్లు కింద బోర్లించింది.

"దూదేగా కావాల్సింది? ఇదిగో" అంది పిల్లల వైపు చూసి. మొగుడి వైపు చూడలేదు. "పది దెబ్బలు కాదు, సంచెడూ అయిందాకా కొడతాడు. మీక్కావాల్సింది మీరు పట్టుకోండి. నాక్కావాల్సింది నాకు మిగులుద్ది."

మైకులకి ఆవిడ పాత చీరముక్కలే చుట్టారు. నూర్ మహమ్మద్ కొయ్య ఎత్తాడు.

మొదటి దెబ్బలకి మోత ముద్దగా, జలుబు చేసిన గొంతులా వచ్చింది. దూది విచ్చుకుంటున్న కొద్దీ అది తేలికై సాగింది. గంట గడిచింది. మధ్యలో లారీల కోసం ఆగినప్పుడు వీరేంద్ర హెడ్‌ఫోన్స్ అతని చెవులకి పెట్టాడు. "మీరు కొట్టిందే. వినండి తాతా."

విన్నాడు. అంత పని చేసినా ఆ మోతని ఎన్నడూ వినలేదని అప్పుడు తెలిసింది. విల్లు పట్టుకున్నవాడికి అది పని. ఎదురింట్లో పడుకున్న పిల్లకే అది పాట. ప్రతి దెబ్బ కిందా నరం ఎంతసేపు మోగుతోందో, దూది ఒక్కో పోగూ ఎలా విడుతోందో తెలుస్తోంది. ఇంకోటి కూడా వినపడింది. ప్రతి దెబ్బకీ ముందు ఎవరిదో సన్నటి ఊపిరి, "హుఁ" అని. ఆ ఊపిరి అతనికి తెలుసు. పదేళ్ళప్పుడు ఆ ఊపిరి పక్కనే కూర్చుని దూది అందించేవాడు. అది నాన్నది. తన గొంతులోంచి నాన్న ఊపిరి వస్తోందని ఇన్నేళ్ళూ తెలియలేదు. సిగ్గు లేకుండా ఏడ్చాడు. కరిష్మా గోడకేసి తిరిగింది. రసూల్‌బీ చూసింది.

హెడ్‌ఫోన్స్ తీసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు వింటూ కొట్టాడు. దూది నడుం దాకా లేచింది, కనురెప్పల మీద పడింది. సంచిలో నాలుగో వంతు మిగిలి ఉండగా నరం తెగింది. ఠప్పున వచ్చి అతని మణికట్టుకి తగిలింది, విల్లు కిందికి వాలిపోయింది. అతని నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట. "ఎంత మిగిలింది?"

మిగిలిన దూదిని మిషన్లో వేయించుకొస్తామని పిల్లలన్నారు. రసూల్‌బీ ఒప్పుకోలేదు. "ఇది ఆ నరం దూది. మిషను దూది ఇందులో కలవదు. ఏకంది ఏకనట్టే పెట్టి కుట్టమనండి" అని కరిష్మాతో కబురు చెప్పినట్టు చెప్పింది, మొగుడు మూరెడు దూరంలో ఉండగానే. అతను మూడు రోజులు కూర్చుని కుట్టాడు. అన్ని వందల పరుపుల్లో ఒక మూల గడ్డలుగా వదిలేసింది ఇదొక్కటే. ఆవిడ ఆ మూలని కాళ్ళవైపు వేసుకుని పడుకుంది. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ "బానే ఉందిలే" అంది. మాటలు అలా మొదలయ్యాయి.

విల్లు మళ్ళీ గోడకెక్కింది, ఈసారి డబ్బాలో కూడా నరం లేకుండా. దానివైపు చూడకుండా దిండ్లు కుట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ మధ్య వీరేంద్ర ఫోన్ చేసి, చివర్లో నరం తెగిన ముక్క తీసేయమని కంపెనీవాళ్ళు పట్టుబట్టారనీ, తీస్తే ఆల్బమే ఇచ్చేది లేదని తామిద్దరూ చెప్పేశామనీ అన్నాడు. తెగిన దాన్ని ఎందుకు వినిపించడం అని నూర్ మహమ్మద్‌కి అర్థం కాలేదు. పిల్లలతో వాదించలేదు.

నాలుగు నెలలకి ఆల్బమ్ వచ్చింది. పేరు 'పింజ'. ఆ పొద్దున కరిష్మా వాళ్ళ స్పీకర్ పెట్టె తెచ్చి ఇచ్చి, నందిగామలో ఏదో సభ ఉందని వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాం పరుపు మీద పక్కపక్కనే కూర్చుని విన్నారు. రెండో పాటకి రసూల్‌బీ "ఈ పిల్ల ఊపిరెప్పుడు తీసుకుంటదయ్యా?" అంది. అయిదో పాటకి కాలు ఆడించింది. అడిగితే ఆడించలేదంది.

ఎనిమిదో పాట మొదలవుతూనే ముద్దగా ఉన్న దెబ్బ గదంతా నిండింది. దాని మీద కరిష్మా మాటలు తక్కువ, నెమ్మది. ఒక్కో దెబ్బకీ మోత పెరుగుతోంది, కింద వీరేంద్ర మోత కలుస్తోంది, మొత్తం ఇల్లు ఎవరో పైకెత్తినట్టుంది. నాన్న ఊపిరి కూడా ఉంది. ఈ నరం ఇక తెగదు, ఎక్కడెక్కడో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇళ్ళల్లో మోగుతూనే ఉంటుంది అనుకున్నాడు నూర్ మహమ్మద్. ఠప్. తెగింది. అన్ని మోతలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో ఓ ఆడగొంతు వినపడింది. "చేతికి తగిలిందా?"

ఆ తర్వాత అతని గొంతు. "ఎంత మిగిలింది?"

పాట అయిపోయింది. అతను పెట్టెవైపే చూస్తున్నాడు. ఆ రోజు ఆవిడ కుడివైపున నిలబడి ఉంది, పోయిన చెవి వైపు. మూడు రోజులుగా పలకని మనిషి, తన పరుపు సగంలో ఆగిపోయిన క్షణంలో ముందు అడిగింది చేతి గురించి. అది తనకి వినపడలేదు. తను అడిగింది దూది గురించి. జవాబు రాలేదని ఆవిడ నాలుగు నెలల్లో ఒక్కసారైనా దెప్పలేదు.

రసూల్‌బీ లేచి పెట్టె ఆపబోయింది. అతను ఆవిడ కొంగు పట్టుకుని ఆపి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు మీద ఇంకా పోని నల్లటి గీత చూపించాడు.

"తగిలింది" అన్నాడు.