సన్నబడమన్న మాట

నీలగిరి తైలం వాసన తగిలితే నా చేతిలోని ప్లగ్గు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఇవాళ హైదరాబాదు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పక్క సీటు అమ్మాయి జలుబుకి రాసుకొచ్చింది. నాకు మాత్రం కర్నూలు, రూతమ్మగారి వంకర తిరిగిన వేళ్ళు గుర్తొచ్చాయి.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పుడు, మద్రాసులో పెరిగిన నేను అక్కడి టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగానికి వెళ్ళాను. పగలంతా చెవి దగ్గర ఫోను, ముక్కు మీద కోపం. రూతమ్మగారు మా సూపర్‌వైజరు. పెళ్ళి చేసుకోలేదు. కీళ్ళవాతం వల్ల పొద్దున్నే ఆమె పిడికిళ్ళు విచ్చుకునేవి కావు. వేడినీళ్ళలో పెట్టి, తైలం రాసుకుని, అప్పుడు స్విచ్‌బోర్డు ముందు కూర్చునేది. ఒకసారి ట్రంకు కాల్ ఆలస్యమైందని అరిచిన పెద్దమనిషి మీద నేను అంతకంటే గట్టిగా అరిచి లైను లాగేశాను. ఆమె దాన్ని మళ్ళీ కలిపి, ఆయనతో నిదానంగా మాట్లాడి, నావైపు తిరిగింది.

“గొంతు శానా బాగుండాది పాపా. కొండారెడ్డి బురుజెక్కి అరువు, ఫోనే అక్కర్లేదు.”

నవ్వేశాను. తిట్టినవాళ్ళే గానీ, ఇలా నవ్వించి నన్ను మార్చినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

నొప్పి వల్ల ఆమె కదలడం తగ్గించింది, ఒళ్ళు పెరిగింది. చూసినవాళ్ళంతా కోలుకుంటోందని సంతోషించారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక, నందికొట్కూరు నుంచి వాళ్ళక్క మరియమ్మ పొట్టేలు కాళ్ళ పులుసు తెచ్చేది. పైన వేలెడు కొవ్వు తేలుతుండేది. “కీళ్ళకు జిగటుంటేనే ఆడతాయి, తాగు” అని దగ్గర కూర్చుని తాగించేది.

కొన్నాళ్ళకు ఎక్స్‌ఛేంజి మెట్లెక్కుతూ రూతమ్మగారు మధ్యలో కూర్చుండిపోవడం మొదలైంది. నేనే పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

“ఈ జబ్బు కీళ్ళ దగ్గరే ఆగదమ్మా, గుండె జోలికీ పోతుంది. దానితో ఇంత బరువు కూడా మోయిస్తే ఎట్లా? కొవ్వు మానేసి, ఓర్చుకోగలిగినంత నడవండి. సన్నబడాలి” అన్నాడాయన.

ఆదివారం ఆ మాట విని మరియమ్మ గిన్నె కింద పెట్టేసింది.

“సన్నబడాల్నా? కరువులో మా నాయన సన్నబడే పోయినాడు. మా తమ్ముడు సన్నబడే పోయినాడు. నాకుండేది ఇదొక్కతే. దీన్నీ సన్నబడమంటాండారా?”

నాకు ఒళ్ళు మండింది. “మీరే పెట్టి పెట్టి ఆమెను చంపుతున్నారు!” అన్నాను.

రూతమ్మగారు నన్ను కళ్ళతోనే ఆపింది. “అక్కా, అప్పుడు తిండి లేక సన్నబడితిమి. ఇప్పుడు నేను బతకాలని సన్నబడతాండా. నీ పక్కన ఇంకొన్నాళ్ళు ఉండాలని.”

మరియమ్మ గిన్నె మూతపెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి తుంగభద్ర ఒడ్డున మా నడక మొదలైంది. ఒక్కో అడుగుకీ ఆమె పెదవి కొరుక్కునేది. ఆ నిదానం నా వల్ల అయ్యేది కాదు. “నువ్వు ముందు పో పాపా, ఆడ నిలబడి నన్ను తిట్టుకుంటా ఉండు, వస్తా” అనేది. వెళ్ళేదాన్ని కాదు. వానలు వెనకబట్టేసరికి ఆమె రవికలు వదులయ్యాయి. ఒకరోజు ఎక్కడా కూర్చోకుండా మెట్లన్నీ ఎక్కి, పైనుంచి నన్ను చూసి చిన్నపిల్లలా చేతులూపింది.

ఆ తర్వాతి వేసవిలో ఒక పొద్దున ఎడమ చెయ్యి లాగుతోందంది. రోజూ ఉండే నొప్పేనని ఆమే అనుకుంది, మేమూ అనుకున్నాం. తైలం రాసుకుని బోర్డు ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో పోయింది. గుండె ఎప్పుడో దెబ్బతిందనీ, నడవకపోయి ఉంటే ఇన్నాళ్ళు కూడా ఉండేది కాదనీ డాక్టరు నాతో అన్నాడు.

సమాధుల దగ్గర మరియమ్మ అందరి ముందూ నా భుజాలు పట్టుకుని ఊపేసింది. “నిండుగా ఉన్నదాన్ని ఎండగడితివి గదే! నడిపించి నడిపించి సంపితివి గదే!”

డాక్టరు మాట నా నాలుక చివర ఉంది. అది చెబితే, పులుసు తాగించిన చేతులకు ఏం మిగులుతుంది? ఆమె ఊపినంతసేపూ ఊగాను. తర్వాత మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

ఆ మాట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మరియమ్మ ఇంకా నన్ను తిడుతూనే ఉందని మొన్న నందికొట్కూరు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. తిట్టనీ. తిట్టుకోవడానికైనా ఆమెకొకరు ఉండాలి కదా.