కవరుకు సరిపోయే కంప్యూటర్

పాత కంప్యూటర్ పాడైంది. నిన్నటి బంద్ ఈ రోజు లేదని మెదక్ బజారుకు వెళ్లాను. ఇప్పటివి డబ్బా లేకుండా అన్నీ తెరలోనే ఉంటాయట, పలకలా సన్నగా ఉన్నాయి. పోయినేడు చనిపోయిన నా బిడ్డ స్వప్న పాతదానికి కుట్టిన పూల కవరును సంచిలోంచి తీసి ఒక్కోదానికి తొడిగి చూశాను. అన్నిటికీ వదులే.

షాపాయన నెత్తి పట్టుకున్నాడు. “అక్కా, కంప్యూటర్‌కు కవర్ కొంటరు గని, కవర్‌కు కంప్యూటర్ కొంటరా?”

“కుట్టిన పిల్ల మల్ల రాదు గద తమ్మీ. జర లావుది చూపియ్యి.”

చివరికి అన్నిటికంటే పెద్దది కొన్నాను. ఇంటికొచ్చి, వెనుక స్వప్న దిండు పెట్టి తొడిగితే నిండుగా సరిపోయింది. ఆన్ చేయాలంటే కవరు తీయాలి. మనసు రాక ఇది ఫోన్‌లోనే రాస్తున్నాను. మీరైతే తీస్తారా?