బాట అవతలి నీలం

సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో బోరు వేయించాలంటే ముందు సిద్ధయ్యను పిలుచుకుపోయేవారు. ఆయన చెప్పులు గట్టున విడిచి, రెండుగా చీలిన వేపకొమ్మ పంగ పట్టుకుని చెలకంతా నడిచేవాడు. పంగ కన్నా అరికాళ్లనే ఎక్కువ నమ్మేవాడు. చెదపుట్ట ఎక్కడ లేచింది, మోదుగు ఎక్కడ పచ్చగా ఉంది చూసుకుని, మడమతో నేలను గీకి "గీడ" అనేవాడు. చాలాసార్లు నీళ్లు పడేవి.

తొంభై ఏడులో ఆయన చూపిన చోట వరసగా రెండు బోర్లలో నీళ్లు పడలేదు. సిద్ధయ్యకు తిండి సయించలేదు. అప్పుడే చింతమడకలో ఆయన చెల్లెలు రామవ్వ నిమ్మతోటకు నీళ్లు కరువయ్యాయి. మొగుడు పోయాక ఆమె బిందెలతో నీళ్లు మోసి పెంచిన నలభై చెట్లు. ఎడ్లను అమ్మింది. ఆ పైసలు ఒక్క బోరుకే సరిపోతాయి.

పట్నంలో భూగర్భజలాల ఆఫీసులో కంప్యూటర్ గీసిన పటం ఉందంటే సిద్ధయ్య పోయి తెచ్చుకున్నాడు. నీళ్లున్నచోట నీలం, లేనిచోట పసుపు.

"పెద్దాయనా, గిది మండలం మొత్తానికి గీసింది. మీ చెల్లె చెలక దీంట్ల సూదిమొనంత గూడ లేదు" అన్నాడు ఇంజనీరు సారు. సిద్ధయ్య విన్నాడు. కానీ కళ్లనిండా ఆ నీలమే.

రామవ్వ చెలక మధ్యనుంచి బండిబాట పోతుంది. పటం చూస్తే సిద్ధయ్యకు బాట ఇవతల పసుపు, అవతల నీలం అనిపించింది. ఆయన కాళ్లు మాత్రం ఇవతలి పుట్ట దగ్గరే ఆగాయి.

"కంప్యూటర్ కాలంల కొమ్మ పట్టుకొని తిరుగుతున్నవేందే సిద్ధన్నా, పిట్టలను కొడ్తవా?" బోరుబండి బాలయ్య నవ్వాడు.

సిద్ధయ్య పంగను కింద పెట్టి బాట దాటాడు.

"అన్నా, నీ కాలు ఏడ ఆగింది?" రామవ్వ అడిగింది.

"పుట్టకాడ."

"మరి గాన్నే ఏయించరాదే?"

"నా కాలుకు ఏం తెలుస్తదే? మొన్న రెండు జాగలల్ల చూడలేదా? మిషిని చెప్పిన కాడనే ఏపిద్దాం."

నూరు ఫీట్లు, రెండు నూర్లు, మూడు నూర్లు. తడి తగల్లేదు, తెల్లటి రాతిదుమ్మే లేచి నిమ్మాకుల మీద పడింది. బాలయ్య నవ్వలేదు, బండి ఆపాడు.

పుట్ట దగ్గర నీళ్లున్నాయో లేవో ఎవరూ తవ్వి చూడలేదు. వానాకాలం రాకముందే చెట్లు ఎండాయి. రామవ్వ వాటిని నరికి పొయ్యిలో పెట్టింది. అన్న వస్తే ఎప్పటిలాగే అన్నం పెట్టింది.

మరుసటేడు మద్దూరు నుంచి ఒక రైతు వచ్చి పిలుచుకుపోయాడు. సిద్ధయ్య చెప్పులు విడిచి చెలకంతా మూడుసార్లు తిరిగాడు. ఎక్కడా కాలు ఆగలేదు. ఎండ ముదిరింది.

"ఏడనే పెద్దయ్యా?"

"నాకు తెలుస్తలేదు బిడ్డా" అని చెప్పులు వేసుకున్నాడు.