బతుకమ్మకు రెండు బస్తాల పిండి

ఆ రోజుల్లో ఇంగ్లీషు మాటలు నా కంటికి కవల పిల్లల్లా కనిపించేవి. పేరు పెట్టి ఒకదాన్ని పిలిస్తే రెండోది పలికేది. చిన్నప్పటి ఆయాసం వల్ల నేను బడికి పోలేదు. కోరుట్లలో మా మేనత్తే పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది. (పొద్దున్నే దీపానికి దండం, ఆ వెంటనే స్పెల్లింగు. రెండింటికీ కళ్లు మూసుకునేదాన్ని, ఒకదానికి భక్తితో, రెండోదానికి భయంతో.) ఏ మాట ఎక్కడ పుట్టిందో, ఏ ఇంటికి కోడలిగా పోయిందో, పెళ్లి సంబంధం చెప్పినంత ఇష్టంగా చెప్పేది అత్త. దేవుడు నాకు బడి ఇవ్వలేదు గానీ ఆమెనిచ్చాడు. ఆ లెక్కన నాకే ఎక్కువ ముట్టింది.

ఒక ఏడు సద్దుల బతుకమ్మకు మా వాడ మొత్తానికి పూలు తెప్పించే పని నా మీద పడింది. జగిత్యాలలో పిండిగిర్ని నడిపే చాచా పండుగ రోజుల్లో అదే అరుగు మీద బంతిపూలు కూడా అమ్మేవాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవలేడు. నాకేమో ఉర్దూ రాదు. ఇద్దరికీ వచ్చిన రాత ఇంగ్లీషొక్కటే. గిర్ని మోతలో ఫోను వినపడదు కాబట్టి మెసేజే పెట్టాలి. "గీ పోరికా అప్పజెప్పేది? బడి మొఖం సూడలే గద!" అంది, పండుగకు సిరిసిల్ల నుంచి వచ్చిన మా చిన్నమ్మ. "నా బిడ్డ రాస్తది. తప్పు వోతే నేను జెప్పిన సదువే తప్పనుకో వదినా" అంది అత్త. (ఆ మాటకు నా వేళ్లు వణికాయి. కొంప ముంచింది ఆ వణుకేనని ఇప్పటికీ నా వాదన.)

పండుగనాటి మధ్యాహ్నం ఆటో వచ్చింది. తాంబాళాలు పట్టుకుని వాడంతా మా వాకిట్లో చేరింది. చిన్నమ్మ బస్తా మూతి విప్పి చేయి పెడితే, మోచేతి దాకా తెల్లగా బయటికి వచ్చింది. బియ్యప్పిండి! రెండో బస్తాలోనూ అదే.

"ఏం పోరీ, బతుకమ్మను పేరుస్తవా, రొట్టెలు కొడుతవా?"

అందరూ నవ్వారు. ఆమె అత్త వైపు తిరిగి "గిదేనా వదినా నీ ఇంట్ల సదువు?" అన్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అత్త ముఖం చూడలేక తులసి వైపు తిరిగాను. నన్ను చూసి ఎంతయినా నవ్వనీ తల్లీ, అత్త తల మాత్రం వంచకు అని మొక్కుకున్నాను.

పండుగపూట గిర్ని ఆపి ఉంటాడని అత్త చాచాకు ఫోను చేసింది. "అరే, చిన్న బేటీ పిండి అనే రాసింది గదమ్మా! పండుగకు ముద్దలు జేస్తరనుకున్న" అని నొచ్చుకున్నాడాయన. అత్త నా మెసేజ్ చూసింది. flower అని పువ్వు రాయాల్సిన చోట, దాదాపు అలాగే పలికే flour అని పిండి మాట రాశాను. నేను తిట్లకు సిద్ధమయ్యాను. ఆమె నవ్వింది.

"ఒకప్పుడు గీ రెండూ ఒక్కటే మాట వదినా. ఇసిరి జల్లెడ వడితే దిగే మెత్తటి పిండిని గింజకు పువ్వసొంటిదనుకున్నరు ఇంగ్లీషోళ్లు. రెంటికీ ఒక్కటే రాత. ఎన్నడో గాని ఏరువడలే. నా బిడ్డ తప్పు రాయలే, శాన పాతగ రాసింది!"

"గట్లయితే పిండితోనే పేర్చు, సూస్తం" అంది చిన్నమ్మ.

ఫోనులో ఇదంతా విన్న చాచా "ఆగుండ్రి, నేనే వస్త" అన్నాడు. పొద్దు వాలకముందే స్కూటర్ మీద దిగాడు. తొందరలో పూలను ఖాళీ పిండి బస్తాల్లోనే కుక్కి తెచ్చాడు. విప్పితే ఒక్కో బంతిపువ్వూ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు తెల్లగా ఉంది. "గీటికి పౌడరెవలు రాసిండ్రు?" అంటూ చిన్నమ్మ దులపబోయింది.

"దులపకు వదినా" అంది అత్త. "ఏరువడ్డ అక్కాచెల్లెండ్లు ఇన్నొద్దులకు కలిసిండ్రు."

ఈసారి చిన్నమ్మే ముందు నవ్వింది. ఆ పూలనలాగే పేర్చాము. పిండిని నేతిలో వేయించి, బెల్లం కలిపి ముద్దలు చేశాము. మొదటి ముద్ద చాచాకు. రెండోది చిన్నమ్మే నా నోట్లో పెట్టి, "తిను బిడ్డా, నీ పువ్వులే" అంది. అత్త కళ్లు తుడుచుకుంటూ, పిండి పడిందన్నది.

అత్త ఇప్పుడు లేదు. స్పెల్లింగులు ఫోనే దిద్దుతోంది, నా వణుకుతో దానికి పనిలేదు. అయినా పూజకు పూలు దొరకని రోజున చిటికెడు బియ్యప్పిండి అమ్మవారి పాదాల దగ్గర వేస్తాను. వేళ్లు వణికిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటూ, "పాతగా రాశాను తల్లీ, పువ్వనే చదువుకో" అంటాను.