దగ్గే ఆవును చూసే వేళ

నా చిన్నప్పుడు మా పేటలో ఎవరింటికి కొత్త ఆవు వచ్చినా అందరూ వచ్చి చూడాల్సిందే. దాని నుదుటి మీద చేయి వేసి, ప్రార్థన చేసి, తక్కిన పశువుల పక్కన కట్టించి గాని కదిలేవారు కాదు. మదనపల్లె దగ్గర మిషన్ ఆస్పత్రి పనులతో బతికిన ఇళ్ళు మావి. ప్రార్థన లేకుండా మాకు ఏదీ మొదలయ్యేది కాదు.

మా తమ్ముడికి పాలు చాలడం లేదని అమ్మ పోరగా పోరగా, నాన్న పుంగనూరు సంతలో ఒక సూడి ఆవును కొన్నాడు. లారీలో ఇరుకున నిలబడి, దారంతా వానలో తడుస్తూ వచ్చింది పాపం. దించగానే మెడ చాచి దగ్గింది. ముక్కు కారుతోంది, ఒళ్ళు కాలిపోతోంది. నాకు అవేమీ పట్టలేదు. దాని కళ్ళు చూస్తూ మైమరచిపోయాను. ఇప్పుడు తలచుకున్నా ఆ సాయంత్రమంతా పొగమంచులోంచి కనిపిస్తున్నట్టే ఉంటుంది.

మా తాతయ్య ఛాతీ జబ్బుల ఆస్పత్రిలో వార్డు పని చేసి రిటైరైన మనిషి. ఆవును కొట్టంలోకి తీసుకుపోతుంటే పలుపు పట్టుకుని ఆపాడు. కోళ్ళ గూటి అవతల, గాలి బాగా ఆడే పాత వసారాలో ఒంటరిగా కట్టేశాడు. నీళ్ళ బకెట్టూ వేరే పెట్టాడు. పశువుల డాక్టరు కోసం నాన్నను సైకిల్ మీద పంపాడు. ఇంటికొచ్చిన ఆవును వెలివేసినట్టు కడతారా అని నాకు ఏడుపొచ్చింది.

"యాల తాతా, దాన్ని ఆడ కట్టేస్తాండావు?" అని అడిగాను.

"ఆవుల సంగతి నాకు తెలీదమ్మా. దగ్గేవాళ్ళ సంగతి తెలుసు. వానలో తడిసి శానా అలిసొచ్చుండాది. ముందు ఊపిరి పీల్చుకోనీ."

అంతలో పక్కింటి పెద్దమ్మ మిరియాల కషాయం, వెదురు గొట్టం పట్టుకుని రానే వచ్చింది. పశువు దగ్గితే తల పైకెత్తి పట్టి గొట్టంతో కషాయం పోయడం, గోనెపట్టాలు కట్టి పొగ వేయడం మా వైపు అలవాటు. అంత ఆయాసంలో పోస్తే కషాయం ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని తాతయ్య భయం. కాదంటేనేమో ప్రేమగా కాచి తెచ్చిన మనిషి నొచ్చుకుంటుంది. అందుకని, తన గొంతూ బాగాలేదంటూ చెంబెడు కషాయం తానే తాగేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకుని, "ఇది పేషెంటమ్మా. సాయంత్రమైతేనే సూడాల, దూరంగా నిలబడి సూడాల" అన్నాడు.

మా పేట వాళ్ళకు ఆస్పత్రి పద్ధతంటే తెలియనిది కాదు. మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి పండ్లు తెచ్చిన చుట్టాల్లా గడ్డిపరకలు పట్టుకుని వరసగా నిలబడి, అక్కడి నుంచే ప్రార్థన చేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వెళ్ళేవారు. డాక్టరు వచ్చి సూది వేశాడు, విడిగా ఉంచడమే మంచిదన్నాడు. బతుకుతుందా అని అమ్మ అడిగితే మాత్రం, మళ్ళీ వచ్చి చూస్తానని సంచీ సర్దుకున్నాడు.

తాతయ్య నాకూ ఒక పని అప్పగించాడు. ఏమీ చేయకుండా దాని దగ్గర కూర్చోవడమే ఆ పని. పొద్దున్నే మంచులో అది వదిలే ఆవిరి చూస్తూ, సగం నిద్రలో కూర్చునేదాన్ని. ఒకసారి దాని డొక్కకు చెవి ఆనించి విన్నాను. లోపల ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు గరగర. చచ్చిపోతుందేమోనని భయమేసింది. తాతయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అలా ఎన్ని పొద్దులు గడిచాయో నాకు గుర్తులేదు. ఒక పొద్దున చెవి ఆనిస్తే వాన ఆగిపోయింది. ఆవు మెల్లగా తల వంచి గడ్డి అందుకుంది. నేను ఎవరినీ పిలవలేదు, ఆ నమిలే చప్పుడు వింటూ ఉండిపోయాను.

మొన్న మా మనవరాలు బెంగళూరులో ఉద్యోగం వదిలేసి, చెప్పాపెట్టకుండా పెట్టెతో వచ్చేసింది. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగి ప్రశ్నల మీద ప్రశ్నలు. అందరినీ బయటికి తరిమి, పెరటి గది కిటికీలు తెరిచి, పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఏం జరిగిందని నేనింకా అడగలేదు.