నక్షత్రానికీ చుక్కకూ నడుమ

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు అయిపోయినోళ్ళంతా హైదరాబాద్ బస్సు ఎక్కుతుంటే, నేను కొత్తగూడెంల ఎక్కి భద్రాచలంల దిగేదాన్ని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని చెప్తే, భద్రాచలంల సాఫ్ట్‌వేర్ ఏంది అని నవ్వేటోళ్ళు. (నవ్వనోళ్ళు నమ్మలేదని అర్థం.) టైర్ల దుకాణం పైన ఒక గది, అందుల పాత కంప్యూటర్లు, నాకు పని నేర్పే సీనియర్ ఒకాయన. అదే మా కంపెనీ.

ఆ సీనియర్‌ను అందరం ట్యాబ్ అన్న అనేటోళ్ళం. మౌస్ ముట్టుకుంటే ఆయనకు గిట్టదు. నల్ల తెర మీద కమాండ్లు కొట్టుడే పని. నేను ఫైలు పేరు మొత్తం రాస్తుంటే, సగం కొట్టి ట్యాబ్ నొక్కు, మిగిలింది అదే నింపుకుంటది అనేటోడు. పాత కమాండ్ మళ్ళ రాస్తుంటే, పైబాణం నొక్కితే వస్తది కద అనేటోడు. ఇంకా పాతదైతే కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి వెతుక్కోమనేటోడు. ఒకసారి నేను పప్పన్నం కలుపుకుంటుంటే, వెయ్యి ఫైళ్ళల్ల ఒక్క మాట ఎట్ల వెతకాల్నో చెప్పుకుంట కూసున్నడు. అన్నీ పనికొచ్చే మాటలే, నా బాధ గూడ అదే. పనికిరానియైతే హాయిగ వినకుండ ఉందును.

ఆ చలికాలం అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి పని వచ్చింది. పదో తరగతి పిల్లల హాల్‌టికెట్లకు ఫొటోలు పంపాలె. సోమవారం దాటితే తీసుకోరు, ఫొటో లేకుంటే పరీక్షకు తిప్పలే. ఊర్ల ఫొటో స్టూడియో నడిపే చాచా పోయి ఫొటోలు తీసి, మా కంప్యూటర్‌ల వేసిండు. ఒక్కో ఫొటోకు ఆ పిల్ల రోల్ నంబర్ పేరుగ పెట్టాలె. నేను ఒక్కొక్కటే మారుస్తుంటే చూడలేక, పిల్లలు నంబర్ల వరుసలనే కూసున్నరు గదా అని అన్న ఒకే పనిని మళ్ళమళ్ళ చేసే చిన్న లూప్ రాసి, రెప్పపాటుల అన్నింటి పేర్లు మార్చేసిండు. ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. చాయ్ వచ్చేదాక గూడ అది నిలవలేదు.

డిస్క్ నిండిపోయి, ఫొటోలకు కాపీ తీసుకునే జాగ లేదు. పేరు చివర .tmp అని ఉండే చెత్త ఫైళ్ళు తీసేస్తే జాగ అయితదని, అది నాకు నేర్పనీకె అన్న కుర్చీ గుంజుకున్నడు. rm *.tmp అని కొట్టాలె. rm అంటే తీసెయ్ అని, ఆ నక్షత్రం గుర్తుకు అన్నీ అని అర్థం. ఆయన నాతోని మాట్లాడుకుంట కొట్టిండు, నక్షత్రానికీ చుక్కకూ నడుమ ఒక ఖాళీ పడ్డది. దాంతోని ఆ మాటకు, ఇక్కడున్నయన్నీ తీసెయ్, తర్వాత .tmp అనేది గూడ తీసెయ్ అని అర్థమైపోయింది. కంప్యూటర్ కిక్కురుమనకుండ ఫొటోలన్నీ తీసేసి, .tmp అనే ఫైలు మాత్రం దొరకలేదని మాకు ఫిర్యాదు చేసింది.

అన్న పైబాణం నొక్కిండు, కమాండ్ వచ్చింది గని ఫొటోలు రాలేదు. పోయినయి తిరిగి తెచ్చే ప్రోగ్రాం ఏదో నడిపితే కొన్ని నుదుర్లు వచ్చినయి, గదుమలు రాలేదు. చాచా దగ్గరికి ఉరికినం. ఆయన కెమెరా కార్డు చేతుల పట్టుకొని, "బేటీ, ఇందుల ఇప్పుడు పెండ్లికూతురున్నది" అన్నడు.

ఆదివారం ముగ్గురం మళ్ళ హాస్టల్‌కు పోయినం. చర్చి మానుతున్ననని అమ్మ సణిగింది, బస్సు సగం దూరంల ఆగిపోయింది, ఆటోల చాచా లైట్ల స్టాండు దారంతా నా పక్కటెముకల్ల పొడిచింది. కంప్యూటర్ పెట్టెల ఉన్న ఫొటోలు ఎట్ల పోతయని వార్డెన్ మేడం అడిగితే, అన్న పోయి గోడకున్న టైంటేబుల్ చదువుకుంట నిలబడ్డడు. పిల్లలు కోయ భాషల ఏదో అనుకొని నవ్వుకుంటున్నరు. మమ్మల్నే అని అర్థమైతనే ఉన్నది.

లైటు సరిచూసుకోనీకె చాచా ముందుగాల నన్ను స్టూల్ మీద కూసోబెట్టి ఒకటి తీసిండు. తర్వాత పిల్లలు వరుసగ వచ్చిన్రు. రెండు జడలు మడిచి కట్టుకున్న ఒక పిల్ల నా దగ్గర ఆగి, మెల్లగ అడిగింది.

"అక్కా, మొన్న తీసింది మొత్తం పోయిందా?"

"అవ్, పోయింది."

"ఇగ రాదు గదా?"

"రాదు. ఎందుకు?"

"అందుల కండ్లు మూసుకున్న," అన్నది. పోయి స్టూల్ మీద కూసొని, కండ్లు ఇంతింత తెరిచి, పండ్లన్నీ కనిపించేటట్టు నవ్వింది. హాల్‌టికెట్‌కు గట్ల నవ్వొద్దని మేడం అన్నది. చాచా మాత్రం అప్పటికే నొక్కేసిండు.

తిరుగు బస్సుల అన్న కిటికీ దిక్కు తిరిగి కూసున్నడు. ఒక్క చిట్కా గూడ చెప్పలేదు. కొంచెం సేపటికి నాకే ఏదోలెక్క అనిపించి, అట్ల పొరపాటు గావొద్దంటే ఏం చెయ్యాలె అన్నా అని అడిగిన. ముందుగాల rm జాగల ls పెట్టి కొట్టు, ఏమేం పోతయో చూపిస్తది, అన్నీ చూసుకున్నంకనే తీసెయ్ అన్నడు. ఆ ఒక్కటి అడిగినందుకు భద్రాచలం దాక ఆపలేదు.

పిల్లల ఫొటోలు సోమవారం టైంకే పంపినం. లైటు కోసం తీసిన నా ఫొటోను చాచా తర్వాత ప్రింటు తీసిచ్చిండు. ఇప్పటికీ నా దగ్గరున్నది. మూతి ముడుచుకొని, లోకమంతా నా సెలవు చెడగొట్టనీకె కుట్ర చేసినట్టు చూస్తుంటది ఆ పిల్ల, అంటే అప్పటి నేను. ఆమె వెనక కొద్దిగ మసకగ, గోడ దిక్కు మొహం పెట్టి టైంటేబుల్ చదువుతున్న అన్న కనిపిస్తడు. చూసినప్పుడల్లా, గంత కోపమెందుకే, జర ఎనుకకు తిరిగి ఆయనను చూడు అనాలనిపిస్తది.