జాజు ఎద్దు నీడలో

ఊదుబత్తి పొగ బండ నీడలో పైకి లేచింది. తలపైన చూరులా ముందుకు వచ్చిన రాతి అంచుకు ఉన్న నల్లటి మరక ఒక్కసారి అలలా కదిలింది. అది మరక కాదు, తేనెపట్టు. చిన్నప్పుడు ఒక్క కందిరీగ కుడితేనే ఊపిరాడక దవాఖానలో పడ్డదాన్ని. వెనక్కి తిరిగి పరుగందుకోబోయాను.

పొద్దున ఏడింటికి నారాయణపేటలో బస్సెక్కేటప్పుడు నా భయాలు వేరు. పిల్లలిద్దరినీ అత్తమ్మ దగ్గర వదిలి ఇంత దూరం రావడం అదే మొదటిసారి. తోడు మా ఆయన అక్క, సరోజ వదిన. మగ్గం మీది చీర అయిపోగానే ఒకరోజు తీరిక చేసుకుంది. బస్సు దిగాక ఆటోలో పాత రాతి బొమ్మలున్న గుట్ట కిందికి చేరాం. వెళ్లేవాళ్లు కిరాయి ముందే మాట్లాడుకోండి, నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోండి. పైన చెట్టన్నది లేదు. అరగంట ఎక్కితే పెద్ద బండ కింద ఆ బొమ్మలు కనిపిస్తాయి. జాజుతో, అంటే ఎర్రమట్టితో గీసిన మూపురపు ఎద్దు, చుట్టూ చేతులెత్తిన మనుషులు. ఎన్ని వేల ఏళ్లనాటివో! గొర్లకాపర్లు ఆ ఎద్దుకు మొక్కుతారని విని అత్తమ్మ ఊదుబత్తీలు ఇచ్చి పంపింది. ముట్టించింది నేనే.

"ఉరుకకు పిల్లా, కింద పండు!" వదిన ఊదుబత్తీలను మట్టిలో గుచ్చి ఆర్పేసింది. కూర్చోవడానికి తెచ్చిన దుప్పటిని ఇద్దరి మీదా కప్పింది. బోర్లా పడుకున్నాం. ఈగలు చినుకుల్లా దుప్పటికి తగులుతున్నాయి.

"వదినా, నాకేమన్న అయితే పిల్లలు..."

"నోర్ముయ్! నీ పిల్లలను సాకుడు నాతోని కాదు. పొద్దుగాల లేస్తే మగ్గం గుంతల దుంకుతరు."

దుప్పటి కిందే నవ్వాను. ఈగల మోత పలచబడింది, చివరికి ఆగింది. వదిన మోచేతికి ఒక కాటు. నాకు ఒక్కటీ లేదు. చప్పుడు చేయకుండా, వంగి వంగి కిందికి దిగాం.

తిరుగు బస్సులో పక్క సీటు అవ్వ వదిన చేతి వాపు చూసింది. "ఏమైందే బిడ్డా?"

"ఎద్దు పొడిచింది అవ్వా."

"దాన్ని కట్టేసుకోవద్దా మరి!"

బస్సంతా వినేలా నవ్వాను. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. అది గుండెల నిండా పీల్చుకోవడమే ఎంతో హాయిగా ఉంది. ఆ బొమ్మలు చూడదగ్గవే, వెళ్లండి. ముందు తలెత్తి చూడండి, పొగ మాత్రం పెట్టకండి.

మర్నాడు పొద్దున చిన్నది నా ఒళ్లోకి ఎక్కింది. "మాకెప్పుడు చూపిస్తవే అమ్మా ఎద్దును?"

"ఎండలు తగ్గినంక పోదాం బిడ్డా," అన్నాను ఇద్దరినీ దగ్గరికి తీసుకుని. "చూపించనీకె నేనున్న గద."